అప్పారావు ఖాతా

మా అమ్మాయి నిరుడు శ్రీసిటీలో ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరింది. కవరైపేట్టైలో కంపెనీ బస్సెక్కితే గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడలో ఆంధ్ర మొదలవుతుంది. గంట ప్రయాణం కూడా కాదు. చేరిన వారం తిరగకముందే ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "నాన్నా, నేను నోరు తెరిస్తే అరవపిల్లవా అంటున్నారు. గోడమీద తెలుగులో నోటీసు పెడితే పక్కమ్మాయిని చదివిపెట్టమని అడుక్కోవాల్సి వస్తోంది. మనం తెలుగువాళ్ళమని ఇన్నాళ్ళూ ఏ ధైర్యంతో చెప్పావు?" అన్నది.

నేను బ్యాంకు ఆఫీసర్ని. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల బాకీలు వసూలు చేస్తున్నవాణ్ణి. నా బాకీ ఒకటి ఇలా కంచం ముందు బయటపడుతుందనుకోలేదు. ఆ పిల్ల 2006లో ఒకటో తరగతిలో చేరింది. తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ పోయింది ఆ ఏటి నుంచే. 2015-16లో పదో తరగతికి చేరిన ఆ మొదటి జట్టులో మా అమ్మాయి ఉంది. తప్పంతా చట్టం మీదికి తోసేయడం తేలిక. కానీ రాత్రి భోజనాలయ్యాక అరగంట పలక పట్టుకుని కూర్చుంటే ఏ చట్టమూ అడ్డం వచ్చేది కాదు. నేను కూర్చోలేదు.

ఇప్పుడు కూర్చున్నాను. నాలుగు నెలల్లో గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాయి. మొదట చదివించే పుస్తకం ఏదన్న ప్రశ్న వచ్చింది. అలమరలోంచి ముళ్ళపూడి వెంకటరమణగారి పుస్తకాలు రెండు తీశాను. ఒకటి 'బుడుగు', రెండోది 'ఋణానందలహరి'.

రెండో పుస్తకం అట్ట మీది పేరును ఆమె కూడబలుక్కుని చదివింది. చదివి ఊరకే నా ముఖం చూసింది. నేనప్పటికే నవ్వుతున్నాను. ఆమెకు నవ్వు రాలేదు. అక్షరాలన్నీ వచ్చాయి, పేరు మాత్రం రాలేదు. ఈ వ్యాసం అక్కడ పుట్టింది. రచయితకు చదువు మీద ఉన్న ప్రేమ అతని ఆలోచననూ పనితనాన్నీ ఎలా దిద్దుతుందో చెప్పడానికి రమణగారి కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. కామర్సు చదివినవాణ్ణి, సాహిత్య శాస్త్రాల జోలికి పోను. నాకు తెలిసిన జమాఖర్చుల భాషలోనే చెబుతాను.

ఆ పుస్తకం మా నాయన మూర్ మార్కెట్టులో పాతపుస్తకాల అంగట్లో కొన్నది. పాతకాలపు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సెంట్రల్ స్టేషను పక్కన ఎర్రటి కట్టడం. 1985 మే నెలలో అది కాలిపోయింది. ఇప్పుడు మన గుమ్మిడిపూండి లోకల్ రైళ్ళు వెళ్ళి ఆగే సబర్బన్ స్టేషను ఆ జాగాలోనే ఉంది, పేరు కూడా మూర్ మార్కెట్ కాంప్లెక్సే. పట్నంలో పనిచేసిన రోజుల్లో అక్కడ దిగినప్పుడల్లా మా నాయన బేరమాడిన అంగడి ఏ ప్లాట్‌ఫారం కింద ఉందో అనుకునేవాణ్ణి. ఆయన శుక్రవారం సాయంత్రం సౌందర్యలహరిలో నాలుగు శ్లోకాలు చదివేవాడు. మా అవ్వకు చదువు లేదు, అయినా శివానందలహరి అన్న పేరు ఆవిడకు తెలుసు. కాబట్టి పదిహేనేళ్ళ వయసులో ఆ పుస్తకం నా చేతికొచ్చినప్పుడు, లోపల పుట తిప్పకముందే అట్ట దగ్గరే ఫక్కున నవ్వాను. అప్పు చెయ్యడంలోని ఆనందం, దాని అలలు! భక్తుడు అమ్మవారి ముందు నిలబడ్డట్టు అప్పులవాడు ఇచ్చేవాడి ముందు నిలబడ్డాడన్నమాట.

రమణగారి పేర్లన్నీ ఒకచోట పెట్టి చూడండి. సినిమారంగం మీది చమక్కులకు 'విక్రమార్కుని మార్కు సింహాసనం' అన్నారు. అదే రంగం మీద మరికొన్ని విసుర్లు గురజాడవారి పాత్ర నోట పలికించి 'గిరీశం లెక్చర్లు' అన్నారు. రాజకీయాల మీద రాసినదానికి 'రాజకీయ బేతాళ పంచవింశతిక' అని పేరు పెట్టారు. ప్రతి పేరూ ఒక పాత పుస్తకం దగ్గర చేబదులు తెచ్చుకున్నదే. తెచ్చినదాన్ని తెచ్చినట్టు వాడలేదు, అసలుకు వడ్డీ కట్టి తిరిగిచ్చారు. విక్రమార్కుడి సింహాసనం మెట్ల మీద సాలభంజికలు ఒక్కొక్కటే అడ్డుపడి, కూర్చోవడానికి నీకేం అర్హత ఉందని కథ చెప్పి నిలదీస్తాయి. సినిమాలో అందరూ ఎక్కి కూర్చోవాలనుకునే కుర్చీలను తలచుకుంటే ఆ చట్రం ఎంచుకోవడంలోనే సగం విమర్శ అయిపోయింది. బేతాళుడి సంగతీ అంతే. జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఓటు వేసే మనిషి ఇరకాటాన్ని అంతకంటే పొదుపుగా చెప్పగల చట్రం ఎక్కడ దొరుకుతుంది? ఇది పుస్తకం చదివి కథ గుర్తుపెట్టుకున్నవాడి పని కాదు. కథ లోపలి ఎముకలు ఎలా అతికించారో చూసినవాడి పని.

మా శాఖలో నా పక్క కుర్చీలో ఒక తమిళ మిత్రుడు ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఈ పేర్లు అతనికి అర్థం చెప్పి చూశాను. బేతాళుడి పేరు చెప్పగానే నవ్వాడు. కారణం అంబులిమామా. మన చందమామకు తోబుట్టువైన ఆ పత్రికలో వేదాళం కథలు చదివి పెరిగినవాడు. 1947లో నాగిరెడ్డి చక్రపాణిగార్లు మద్రాసులో మొదలుపెట్టి, తర్వాత ఎన్నో భాషల్లో నడిపి, ఇప్పుడు ఆగిపోయిన ఆ పత్రిక చేసిన మేలు అది. గిరీశం దగ్గరికి వచ్చేసరికి అతని ముఖం మా అమ్మాయి ముఖంలాగే అయింది. నేను కన్యాశుల్కం కథంతా చెప్పాను. పాపం, మర్యాదకు తల ఊపాడు. కథ చెప్పి ప్రయోజనం లేదు. గిరీశం అంటే కథ కాదు, గొంతు. ఇంగ్లీషు ముక్కలు దట్టించి, ఏమీ తెలియనిదాన్ని అన్నీ తెలిసినట్టు దంచే ఆ గొంతును రమణగారు చెవితో పట్టుకున్నారు. 1892లో మొదట ఆడిన నాటకంలోని మనిషిని అరవై డెబ్బై ఏళ్ళ తర్వాత సినిమాహాలు బయట నిలబెట్టి మాట్లాడిస్తే, అతను అక్కడే పుట్టినట్టు మాట్లాడాడు. కన్యాశుల్కం చదివినవాళ్ళు వేలమంది ఉంటారు. అలా చెవి పెట్టి చదివినవాళ్ళు కొద్దిమందే.

బ్యాంకులో అప్పు ఇచ్చేటప్పుడు ఇద్దరు చాలరు, జామీనుదారు కూడా సంతకం పెట్టాలి. ఇటువంటి హాస్యానికీ ముగ్గురు కావాలి. ఇచ్చేది పాత పుస్తకం, పుచ్చుకునేది రచయిత, జామీను పాఠకుడు. పాఠకుడి దగ్గర ఆ పాత పుస్తకం తాలూకు ఆస్తి కొంతైనా లేకపోతే ఆ అప్పు నిలవదు. రమణగారు 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేస్తూ రాసినప్పుడు జామీనుదారులు ఇంటింటా ఉన్నారు. చదువుకోనివాళ్ళలోనూ ఉన్నారు, మా అవ్వలాగ. ఇప్పుడు మా ఇంట్లోనే లేరు. రచయిత చదువు గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడో సంతకం సంగతి ఎవరూ ఎత్తరు, నాకు వృత్తిరీత్యా అదే ముందు కనబడుతుంది.

ఇక అప్పారావు. అప్పు చెయ్యడాన్ని బతుకుతెరువుగా, విద్యగా, ఇంచుమించు వేదాంతంగా చేసుకున్న మనిషి. పాతికేళ్ళప్పుడు చదివినప్పుడు అతను నాకు కేవలం నవ్వులమారి. బ్యాంకులో చేరి, నగల తాకట్టు కౌంటరులో కూర్చుని, ఆరణి నుంచీ పొన్నేరి నుంచీ వచ్చే ఆడవాళ్ళు మెళ్ళోది తీసి తూకం పళ్ళెంలో పెట్టేటప్పుడు ఎటు చూస్తారో గమనించాక అప్పారావు వేరుగా కనిపించాడు. అతని కాలం గుర్తు తెచ్చుకోండి. పద్నాలుగు బ్యాంకులు జాతీయం అయింది 1969 జూలైలో. అంతకుముందు పట్నంలో చిన్న జీతగాడికి బ్యాంకు అంటే రాతి మెట్ల పెద్ద భవనం, అంతే. ఇరవయ్యో తేదీ దాటితే అతనికి మిగిలింది ప్రామిసరీ నోటు, తాకట్టు కొట్టు, లేదా స్నేహితుడి జేబు. రమణగారు అది పైనుంచి చూసి రాసినవారు కాదు. ధవళేశ్వరంలో 1931లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి పోగా తల్లితో మద్రాసు చేరి, పెద్ద చదువులకు స్తోమత లేక చిన్నాచితకా ఉద్యోగాలు చేసినవారు. ఆ రోజుల సంగతులు ఆయనే 'కోతి కొమ్మచ్చి'లో చెప్పుకున్నారు.

అదే బతుకు ఇంకొకరి చేతిలో పడితే కన్నీటి కథ అయ్యేది, లేదా పిడికిలి బిగించిన కథ అయ్యేది. ఆ రెండూ అప్పట్లో పుష్కలంగా వచ్చాయి. రమణగారు మాత్రం లేమిని తీసుకెళ్ళి స్తోత్రం పక్కన కూర్చోబెట్టారు. ఐదో పదో అడగడానికి నిలబడ్డ మనిషికి, మోక్షం అడగడానికి నిలబడ్డ భక్తుడి భాష ఇచ్చారు. నవ్వు వస్తుంది. నవ్వాక ఆ రెండు నిలబడడాలకూ తేడా ఎంత అన్న అనుమానం కూడా వస్తుంది. చదువు రచయిత ఆలోచనను దిద్దడమంటే ఇదేనని నా ఉద్దేశం. చదువు ఆయనకు విషయం ఇవ్వలేదు, విషయం ఆకలి ఇచ్చింది. ఆ విషయాన్ని ఎంత దూరం నుంచి చూడాలో మాత్రం చదువు నేర్పింది. పాఠ్యపుస్తకాలు కొనుక్కునే శక్తి లేక, చదువు ముగించిన బంధువు ఇచ్చిన పుస్తకాలు తత్త్వశాస్త్రానివి కావడంతో ఆ శాస్త్రమే చదివానని మన తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్‌గారి గురించి చెబుతారు. చేతికందిన పుస్తకం మనిషి దారి మార్చడం మన ప్రాంతానికి కొత్త కాదు.

రమణగారిని ఆరుద్రగారి పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఇద్దరూ మద్రాసులోనే బతికారు, ఇద్దరూ సినిమాలకు రాశారు. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు'కు రమణగారు మాటలు రాస్తే, పాటలు రాసినవారిలో ఆరుద్రగారు ఉన్నారు. ఇద్దరూ పుస్తకాల పురుగులే. కానీ ఆరుద్రగారు చదివినదంతా పేరు పేరునా పద్దు రాసి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' అనే పెద్ద లెడ్జరు సంపుటాలు సంపుటాలుగా మన ముందు పెట్టారు. ఎవరికి ఎవరు ఎంత బాకీయో అందులో చూసుకోవచ్చు. రమణగారు చదివింది చదివినట్టే మాటల్లో ఖర్చుపెట్టేశారు. ఎక్కడా రసీదు లేదు. గుమాస్తా బుద్ధికి ఆరుద్రగారి పద్ధతి నచ్చాలి, నచ్చింది కూడా, ఆ సంపుటాలు లేకపోతే నాబోటివాడు నన్నయకు ముందేముందో తెలియకుండా పోయేవాడు. అయినా రైల్లో చేతిలోకి తీసుకునేది రమణగారి పుస్తకమే.

'ముత్యాల ముగ్గు' పేరు ఎత్తాను కాబట్టి అది కూడా చూద్దాం. గర్భవతి అయిన భార్యను భర్త అనుమానించి దూరం చేసుకోవడం, ఆమె ఎక్కడో పిల్లల్ని కని పెంచడం, ఆ పిల్లలే తల్లిదండ్రుల్ని కలపడం. ఉత్తర రామాయణానికి పంచె తీసి ప్యాంటు తొడిగారు. మా ఊళ్ళో టూరింగు కొట్టాయిలో చూసిన పెద్దవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రామాయణం వాళ్ళందరి దగ్గరా ఉంది, జామీను సంతకం తడబడకుండా పెట్టారు. కంట్రాక్టరు మాటలు మాత్రం మాకు కొత్త. అది గోదావరి యాస, మాది ఆరణియారు యాస. మేం అవ్వ అంటాం, బుడుగు బామ్మ అంటాడు. మేం అంగడి అంటాం, పుస్తకంలో కొట్టు అని ఉంటుంది. రమణగారిని చదివి మేం రెండో తెలుగు ఒకటి నేర్చుకున్నాం. హద్దుకు ఇవతల ఉన్నవాడికి చదువు చేసే ఉపకారం ఇది. తనదే అయిన భాషలో తనకు తెలియని గదులు ఉన్నాయని చూపిస్తుంది.

మెచ్చుకోలు సరే. లోపం చెప్పకపోతే ఆడిట్ పూర్తి కాదు. రమణగారి చదువు ఆయనకు అడ్డుపడిన చోట్లు రెండు ఉన్నాయని నాకు తోస్తుంది. ఒకటి చిన్నది. మాటల విరుపు అలవాటైన చెయ్యి ఆగదు. ఆత్మకథ మొదటి భాగానికి 'కోతి కొమ్మచ్చి' అనడం అందంగా ఉంది. జ్ఞాపకం నిజంగానే కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది. రెండోది '(ఇం)కోతి కొమ్మచ్చి', మూడోది 'ముక్కోతి కొమ్మచ్చి'. లోపల కూడా కొన్నిచోట్ల ఒక శ్లేష ఊపిరి తీసుకోకముందే ఇంకొకటి వచ్చి మీద పడుతుంది. తల్లి పడ్డ కష్టం చెబుతున్నప్పుడు కూడా నవ్వించకుండా ఉండలేకపోవడం మొగ్గా, పరదానా అన్నది ఒక్కోసారి తేల్చుకోలేం.

రెండోది పెద్దది. రామాయణాన్ని అంత ప్రేమించినవాడికి ప్రతి ఇంట్లోనూ సీతే కనిపిస్తుంది. 'ముత్యాల ముగ్గు'లోనూ, 1978 నాటి 'గోరంత దీపం'లోనూ ఆడది ఓర్చుకునే మనిషి. ఓర్పు గెలుస్తుంది, కథ అక్కడితో శాంతిస్తుంది. ఆమెను అంత ఓర్చుకోమనడం న్యాయమేనా అని కథ తన్ను తాను నిలదీసుకోదు. అప్పారావును చూసినంత సూటిగా ఆమెను చూడలేదు. అప్పారావు విషయంలో స్తోత్రాన్ని తిరగేసి చూపిన కన్ను, సీత విషయంలో గ్రంథానికి లోబడిపోయింది. ఎక్కువ ప్రేమించిన పుస్తకాన్ని మనిషి తిరగేయలేడు కాబోలు. ఆయన కన్నుమూసిన 2011 ఫిబ్రవరి తర్వాత అదే ఏడు చివర విడుదలైన 'శ్రీరామరాజ్యం' కూడా సీత కథే. మా అమ్మాయి ఈ సినిమాల్లో ఒకటి నాతోపాటు టీవీలో చూసి, "ఆవిడ బస్సెక్కి వాళ్ళమ్మ ఇంటికి ఎందుకు పోలేదు?" అని అడిగింది. నేను రమణగారి తరఫున ఏదో చెప్పబోయి ఊరుకున్నాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పి తీరాలి. ఇరవై ఆరేళ్ళప్పుడు నేనూ ఒక కథ రాశాను. బ్యాంకు మేనేజరు మీద. వాక్యానికొక విరుపు, పేరాకొక పురాణం. చదివి నాకు నేనే నవ్వుకున్నాను. ఒక పత్రికకు పంపితే తిరుగు టపాలో వచ్చింది, మూల పెన్సిలుతో ఒక్క ముక్క: 'రమణగారు ఉన్నారు కదా'. కోపం వచ్చింది, కొన్నేళ్ళు ఉంది కూడా. తర్వాత లెక్క చూసుకుంటే ఆ సంపాదకుడెవరో గాని సరిగ్గానే ఆడిట్ చేశాడు. నేను చదివింది రమణగారిని. రమణగారు చదివింది రమణగారిని కాదు. ఆయన స్తోత్రాలు, బేతాళ కథలు, గురజాడను, ఇంగ్లీషు హాస్యాన్ని, పొరుగువాళ్ళ తగాదాలను చదివారు. 1945లో 'బాల' పత్రికలో ఆయన మొదటి కథ అచ్చయింది, అప్పటికి పద్నాలుగేళ్ళు. ఆ వయసు నుంచి పోగేసిన అసలు మీద ఆయన వడ్డీ తిన్నారు. నేను ఆ వడ్డీని చూసి, అదే అసలు అనుకుని అప్పు తెచ్చుకున్నాను. మళ్ళీ కథ రాయలేదు. ఇలా పుస్తకాల మీద రాయడం దానికి కొంత పరిహారం.

ఇప్పుడు మన ప్రాంతం నుంచి రాస్తున్న కుర్రవాళ్ళ కథలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటాయి. వాళ్ళకు విషయానికి కొదవ లేదు. హద్దు మీది బతుకు ఉంది, రెండు భాషల మధ్య నలిగిన అవమానం ఉంది, పొలాలు పోయి ఫ్యాక్టరీలు లేచిన గుమ్మిడిపూండి ఉంది. రమణగారికి ఆకలి ఎంత నిజమో వీళ్ళకు ఇది అంత నిజం. కానీ వాక్యం సన్నగా ఉంటుంది, టీవీలో విన్న తెలుగులా ఉంటుంది. ఆ మాట అంటే ఒక కుర్రవాడు నొచ్చుకుని, "మాకు బడిలో తెలుగు ఎవరు చెప్పారు సార్, ఈ మాత్రం రాయడమే గొప్ప" అన్నాడు. నిజమే, గొప్పే. నేను అతన్ని మెచ్చుకుని పంపించాను. పంపించి, రెండు రోజులు నాకు నచ్చలేదు. వచ్చే వారం అతన్ని మళ్ళీ రమ్మన్నాను. ఈసారి నా అలమర తాళం తీసి పెడతాను, మెచ్చుకోలు మానేస్తాను.

మా అమ్మాయి 'బుడుగు' ముగించింది. బస్సులో చదువుతున్నదట. చాలాచోట్ల నవ్వింది. అందులో జామీను అడగని నవ్వులే ఎక్కువ, పిల్లవాడి నోటి మాటలు కాబట్టి. మొన్న ఆదివారం 'ఋణానందలహరి' ఆమె మంచం మీద తెరిచి ఉంటే తీసి చూశాను. తెలియని మాటల కింద పెన్సిలు గీతలు, పక్కన తమిళ అక్షరాల్లో అర్థాలు. మొదటి పుటలో 'లహరి' కింద గీత గీసి 'అలై?' అని రాసుకుంది. ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపేసి, మా నాయన చదువుకున్న సౌందర్యలహరి పుస్తకాన్ని దాని పక్కన పెట్టి వచ్చాను.